మన ఆరోగ్యం: తిన్నె మీద ఆదివారం సాయంత్రం

ఆండిపట్టిలో మా పెద్దమ్మకు చక్కెర జబ్బు వచ్చి పదేళ్ళు దాటింది. నిరుడు సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆమె అరికాలిలో పుండు కనబడింది. "ఎన్నాళ్ళయింది పెద్దమ్మా?" అని అడిగాను. "నొప్పి లేదు నాయనా, అందుకే ఎవరికీ చెప్పలేదు" అంది.

నొప్పి లేకపోవడమే అక్కడ ప్రమాదం. ఏళ్ళ తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే పాదాల్లో నరాలు మొద్దుబారతాయి, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. మర్నాడే ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. పాదం దక్కింది, ఒక వేలు పోయింది.

మాత్రలు కూడా సగం సగమే వేసుకుంటోందని తర్వాత తెలిసింది. పెద్దమ్మకు తమిళం చక్కగా వచ్చు. కాని భయం, సిగ్గు, అనుమానం ఇంటి మాటలోనే బయటపడతాయి. డాక్టరుగారి ముందు తల ఊపి వచ్చేసేది. మూడు నెలలకోసారి పది నిమిషాలు ఆయనవి, మిగతా తొంభై రోజులూ మనవే కదా!

ఈ సంగతిని ఎంతో దూరాన ఉన్న ఆదివాసులు ముందే గ్రహించారు. కెనడాలో మాంట్రియల్ పక్కనున్న కానవాకే అనే మోహాక్ ఊరివారు 1994లో బడిపిల్లలతో మొదలుపెట్టి మధుమేహ నివారణకు పూనుకున్నారు. అమెరికాలో 1997లో ఆదివాసుల కోసం ప్రత్యేక మధుమేహ పథకం వచ్చింది. సొమ్ము ప్రభుత్వానిది, తమ ఊరికి తగినట్టు నడుపుకునే వీలు తెగలది. మంచి మందులు, ఇలాంటి పూనిక కలిసి, 1996 నుంచి 2013 లోపు అక్కడి ఆదివాసుల్లో చక్కెర జబ్బువల్ల మూత్రపిండాలు చెడిపోవడం 54 శాతం తగ్గింది.

తమిళనాడులో 2021 ఆగస్టు 5న 'మక్కళై తేడి మరుత్తువం' మొదలయ్యాక బీ.పీ., చక్కెర మాత్రలు ఇంటి గడప దాకా వచ్చాయి. వచ్చిన మాత్ర నోట్లోకి వెళ్ళేలా చూసుకోవలసింది ఇంటివాళ్ళూ ఇరుగుపొరుగులే.

ఇప్పుడు పెద్దమ్మ ఇంటి తిన్నె మీద ఆదివారం సాయంత్రం ఏడెనిమిది మంది ఆడవాళ్ళు చేరుతున్నారు. అందరికీ ఇదే జబ్బు, అందరిదీ తెలుగే. వాళ్ళు చేసేది చూడండి:

ఒకరి పాదాలు ఒకరు చూస్తారు. వేళ్ళ సందులు తడి లేకుండా తుడుచుకోవాలి, ఇంట్లోనూ చెప్పులు లేకుండా నడవకూడదు. చిన్న పుండైనా మర్నాడే డాక్టరుకు చూపించాలి.

ఆ వారం మాత్ర ఎవరు మానేశారో, ఎందుకు మానేశారో చెప్పుకుంటారు. డాక్టరును అడక్కుండా మానకూడదు, తగ్గించకూడదు.

రాగి జావ ఎంతయినా తాగవచ్చన్న అపోహ అక్కడే వదిలింది. పలచటి జావ చక్కెరను త్వరగా పెంచుతుంది. చిన్న సంకటి ముద్ద, దానికి తోడు పప్పు, ఆకుకూర మేలు.

చెమట, వణుకు, కళ్ళు తిరగడం వస్తే చక్కెర పడిపోయిందేమో. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి. పావుగంటకూ తగ్గకపోతే మళ్ళీ తాగాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, ఆసుపత్రికి తీసుకుపోవాలి.

కళ్ళకు, మూత్రపిండాలకు ఏడాదికోసారి పరీక్ష ఎవరికి రావలసి ఉందో గుర్తుచేసుకుంటారు. ఇద్దరిద్దరుగా కలిసి వెళతారు.

ఇందులో ఖర్చు లేదు. మన సంఘం ఉన్న ప్రతి ఊళ్ళోనూ ఒక తిన్నె ఉంటుంది, చక్కెర జబ్బున్న పెద్దవాళ్ళూ ఉంటారు. ఈ పండక్కి ఊరు వెళ్ళినప్పుడు వాళ్ళ కాళ్ళకు దండం పెట్టి, అరికాళ్ళు కూడా ఒకసారి చూసి రండి.