శిలాఫలకం వేశారు సరే, లోపలున్న వాళ్లను అడిగేదెవరు?

సీమలో విశ్వవిద్యాలయ భవనమంటే పాలకులకు ఒక శిలాఫలకం, ఒక రిబ్బను, మర్నాడు పేపర్లో ఒక ఫొటో. చివరి బెంచీకి పాఠం వినపడుతోందా, పైఅంతస్తుకు నీళ్లెక్కుతున్నాయా, మే నెలలో హాస్టల్ పిల్లలకు కంటిమీద కునుకు పడుతోందా అని ఏడాది తర్వాత తిరిగొచ్చి అడిగే పద్ధతే లేదు.

సొంత గూడు లేని కథ మనకు కొత్త కాదు. 1953లో కర్నూలు రాజధాని ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. 2015లో మొదలైన కర్నూలు ట్రిపుల్ ఐటీ 2018 దాకా చెన్నై దగ్గర కాంచీపురం ట్రిపుల్ ఐటీ ఆవరణలో తలదాచుకుంది. 2018లో వచ్చిన కేంద్రీయ విశ్వవిద్యాలయం అనంతపురం జేఎన్‌టీయూ ఆవరణలో తరగతులు ప్రారంభించింది. ఇన్ని అగచాట్లు పడినవాళ్లు ఏ కప్పు దొరికినా నోరెత్తరని సర్కారు ధీమా.

నంద్యాలలో 1906 నుంచి వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. నేడది ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. 'నరసింహ' పత్తి ఇక్కడిదే. ఎన్‌బీఈజీ శనగ రకాలూ ఇక్కడివే. కొత్త రకం ఏదైనా బయటికి రావాలంటే ఏళ్ల తరబడి మళ్లలో చూస్తారు, రైతు పొలంలో చూస్తారు, నచ్చిందా అని రైతునే అడుగుతారు. విత్తనానికి ఇన్ని పరీక్షలు పెట్టే విశ్వవిద్యాలయాల వ్యవస్థలో, వందల మంది పిల్లలు ఉండే హాస్టలుకు ఒక్క వేసవి పరీక్ష అయినా వద్దా?

ఇక్కడి నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. పునాది తగినంత లోతుకు పోకుంటే గోడ బీటలిస్తుంది. ఇలాంటి నేలకోసమే అడుగున ఉబ్బెత్తు ఉండే పైల్ పునాదులను రూర్కీ శాస్త్రజ్ఞులు ఏనాడో రూపొందించారు. ఎండ సంగతి చెప్పేదేముంది, 2024 వేసవిలో నంద్యాలలో 46 డిగ్రీలు దాటింది. మన పెద్దల మట్టిమిద్దె, మందపాటి రాతిగోడ ఆ వేడికి జవాబు. పలచని స్లాబు, పడమటి ఎండకు ఎదురుగా అద్దాల కిటికీలు ఎవరికి జవాబో నక్షా గీసినవాళ్లే చెప్పాలి.

బ్రిటన్‌లో 1995 నుంచి కొన్నేళ్లు 'ప్రోబ్' పేరుతో వాడుకలో ఉన్న భవనాలను పరీక్షించి, పేర్లతో సహా ఫలితాలు అచ్చువేశారు. కరెంటు, గ్యాసు ఎంత ఖర్చవుతోందో లెక్కకట్టి, లోపల పనిచేసేవాళ్లను ప్రశ్నలడిగారు. మన దగ్గర 2017లో నాక్ తెచ్చిన విద్యార్థుల సంతృప్తి సర్వేలో ప్రశ్నలు దాదాపు అన్నీ బోధన గురించే. గది మాట రాదు.

కాంట్రాక్టరు డిపాజిట్టు వాపసు ఇచ్చేముందు ఈ పరీక్ష జరగాలి. గది వేడి, కరెంటు బిల్లు, తలకు ఎన్ని నీళ్లు అందుతున్నాయో లెక్కతీయాలి. విద్యార్థులతోపాటు అటెండరును, ఊడ్చే అమ్మను కూడా అడగాలి. ఫలితం నోటీసు బోర్డుపై పెట్టాలి. రేపు మన రాష్ట్రం మనకొచ్చినా ఇదే నక్షా, ఇదే అలవాటైతే స్లాబు కింద వేడి తగ్గదు.

సర్కారు కదిలేదాకా ఆగనక్కరలేదు. మహానంది వ్యవసాయ కళాశాల మొదలు కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయం దాకా ఏ హాస్టల్లోనైనా వచ్చే ఏప్రిల్ నెలంతా మధ్యాహ్నం 3 గంటలకు, రాత్రి 10 గంటలకు గదిలో వేడి ఎంతుందో తేదీ వేసి నోటుబుక్కులో రాయండి. మాకు పంపండి. మీ పేర్లు తీసేసి, అంకెలన్నీ అచ్చువేస్తాం.