కార్లోఫోర్తె పలుకు

మధ్యధరా సముద్రములోని సార్డీనియాకు విహారార్థము పోయివచ్చినవారు ఇసుకతిన్నెల సొగసునే వర్ణింతురు. ఆ తీరపుటూళ్ల వీథులలో చెవియొగ్గినవారెందరు?

ఆల్గెరో పట్టణమున 1354 నుండి కటలాన్ భాష నిలిచినది. 1999లో ఇటలీ 482వ శాసనముచే దానిని గుర్తించినది. ఐనను నేడచ్చటి పిల్లలలో పెక్కురు ఇటాలియనే మాటాడుచున్నారు.

సాన్ పియెత్రో దీవిలోని కార్లోఫోర్తె సంగతి వేరు. జెనోవా ప్రాంతమునుండి ట్యునీసియా తీరపు తబార్కాకు పోయి, పగడముల వేటలో సుమారు రెండు శతాబ్దములు గడపి, 1738లో ఇటకు చేరిన జాలరుల సంతతివారు. వారి లిగూరియన్ పలుకునకు ఆ శాసనములో చోటే లేదు! పిల్లలు మాత్రము ఆ పలుకుతోనే ఆడుకొందురు. ఇంట తల్లి మానలేదు గనుక.

గుర్తింపు లేదని వాపోవు మనవారు ఇంట బిడ్డతో ఏ భాష మాటాడుచున్నారు? గుర్తింపు అడుగవలసినదే, కాదనను. వంటయింటికి ఏ శాసనము అడ్డువచ్చినది?