ఆరోగ్యమే మహాభాగ్యం: చలికోటు కొనే ముందు

ఈ నెల శీర్షిక కోసం విషయాన్ని వెతుక్కోవలసిన పని లేకపోయింది. అక్టోబరు వచ్చిందంటే చాలు, శాన్ రామన్‌లో నలుగురు తెలుగువాళ్ళు కూడిన చోటల్లా టాహో ప్రయాణాల మాటలు, వాటి వెంటే చలికోట్ల మాటలు మొదలవుతాయి. "డౌన్ కోటు కొనమంటారా, సింథటిక్ కొనమంటారా డాక్టరు గారూ?" అని అడిగినవారు ఈమధ్య అరడజను మందైనా ఉంటారు. కోటుకూ వైద్యానికీ సంబంధం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. చాలా ఉంది.

మేము గుంటూరులో వైద్యం చదువుకునే రోజుల్లో వడదెబ్బ గురించి నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్పేవాళ్ళం. దానికి ఎదురైన చలిదెబ్బ, అంటే హైపోథెర్మియా, పుస్తకంలో చదవడమే తప్ప అలాంటి రోగి మా వార్డుకు వచ్చేవాడు కాడు. అందుకే మనవాళ్ళకు ఎండ అంటే ఉన్న జాగ్రత్త చలి అంటే ఉండదు. శరీరం లోపలి వేడి 95 డిగ్రీల ఫారన్‌హీటుకు దిగువకు జారితే అది చలిదెబ్బే. దానికి మంచు గడ్డకట్టే చలి ఉండాలని చాలామంది అనుకుంటారు. అక్కర లేదు. 40, 50 డిగ్రీల మధ్య కూడా ఒళ్ళు తడిసి, పైన గాలి కొడితే చాలు. ఆ తడి అన్న మాటలోనే మీ ప్రశ్నకు సమాధానం ఉంది.

కోటు వేడిని పుట్టించదు. వేడిని పుట్టించేది మన ఒళ్ళే. దాన్ని బయటికి పోకుండా ఆపేది కోటులో కదలకుండా నిలిచిన గాలి. మన ఊళ్ళలో దూదేకేవాడు వచ్చి అణగిపోయిన పరుపు విప్పి, దూది ఏకి, పొంగించి మళ్ళీ కుట్టి ఇచ్చేవాడు గదా. దూది అదే, బరువూ అదే. పెరిగింది లోపలి గాలి. చలికోటు కిటుకూ అదే.

డౌన్ అంటే బాతుల పొట్టమీద, పెద్ద ఈకల కింద ఉండే మెత్తని నూగు. అంత తక్కువ బరువుతో అంత గాలిని పట్టి ఉంచే వస్తువు మరొకటి దొరకడం కష్టం. 1930ల మధ్యలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఎడ్డీ బౌవర్ అనే ఆటసామాన్ల వర్తకుడు చలికాలంలో చేపల వేటకు వెళ్ళి, తడిసి, చలిదెబ్బ తగిలి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. ఆ తరువాతే అరలు అరలుగా కుట్టి డౌన్ నింపిన కోటు తయారుచేసి, 1940లో పేటెంటు తీసుకున్నాడు. కోటు చీటీ మీద 600, 700, 800 అని అంకెలు కనిపిస్తాయి. ఒక ఔన్సు డౌన్ ఎన్ని ఘనపుటంగుళాలకు పొంగుతుందో చెప్పే లెక్క అది. అంకె పెద్దదైతే అదే వెచ్చదనం తక్కువ బరువులో వస్తుంది. అంతేగాని 800 అంకె ఉన్న పలచని కోటు, 600 అంకె ఉన్న దట్టమైన కోటు కంటే వెచ్చగా ఉంటుందని కాదు.

ఇంత గొప్ప డౌన్‌కు ఒక్కటే శత్రువు, నీళ్ళు. తడిసిన దూది పరుపు లాగే ఉండలు కట్టి అణగిపోతుంది. గాలి ఉన్న చోట నీరు చేరుతుంది. నీరు నిలిచిన గాలి కంటే సుమారు 25 రెట్లు సులువుగా వేడిని లాగేస్తుంది. పైగా ఆరడానికి ఎంతో సేపు పడుతుంది. నీరు అంటకుండా మందు పట్టించిన డౌన్ కూడా ఇప్పుడు వస్తోంది. అది ఆలస్యంగా తడుస్తుందే గాని, తడవకుండా ఉండదు.

ఈ ఇబ్బంది వల్లనే 1980లలో అమెరికా సైన్యం డౌన్‌కు బదులు తడిసినా పనిచేసే వస్తువు కావాలని అడిగింది. అలా వచ్చిందే ప్రిమాలాఫ్ట్ అనే సన్నని పాలియెస్టర్ పీచు. ఇలాంటివి తరువాత ఇంకా వచ్చాయి. ఈ పీచు నీరు పీల్చదు, తడిసినా పూర్తిగా అణగిపోదు, త్వరగా ఆరుతుంది. వానలో గొర్రెలు కాచేవాడి గొంగళిని తలచుకోండి. తడిసినా వాణ్ణి కాపాడుతుంది. సింథటిక్ కోటు ఆ జాతిది. అదే వెచ్చదనానికి కాస్త ఎక్కువ బరువు ఉంటుంది. నాలుగైదేళ్ళు బాగా వాడి, మడిచి, కుక్కితే పొంగు తగ్గిపోతుంది. జాగ్రత్తగా చూసుకున్న డౌన్ కోటు పదేళ్ళు దాటినా ఉంటుంది.

కనుక "ఏది వెచ్చన?" అని అడగడం కాదు, "మేము వెళ్ళే చోట తడి ఉంటుందా?" అని అడగాలి. 2014 మే 25న మన నిజామాబాదు జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ, పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనంద్ కుమార్ కూడా ఆమెతోబాటే ఎక్కాడు. అంత ఎత్తున వాన అనే మాటే లేదు, అంతా పొడి చలి. అక్కడికి వెళ్ళేవారు నిలువెల్లా డౌన్ తొడుక్కుంటారు. మన సియెర్రా కొండల సంగతి వేరు. సముద్రం మీదుగా వచ్చే తుపానుల వల్ల ఇక్కడి మంచు ఎంత నీటి బరువుతో పడుతుందంటే, దానికి సియెర్రా సిమెంటు అని పేరు పెట్టారు. ఒక్కోసారి ఉదయం వాన, మధ్యాహ్నం మంచు. 2004 అక్టోబరులో ఇలాంటి తుపానే యోసెమిటీ మీద విరుచుకుపడితే ఎల్ కాపిటన్ కొండ మీద ఇద్దరు జపాన్ అధిరోహకులు చనిపోయారు. అంత దూరం దేనికి, మన కిటికీలోంచి కనబడే డయాబ్లో కొండ ఎత్తు 3,849 అడుగులు. వెయ్యి అడుగులు ఎక్కితే మూడు నుంచి అయిదు డిగ్రీలు తగ్గుతుంది. కింద 50 ఉన్న రోజున పైన 40కి దిగవచ్చు.

తడి పైనుంచే రానక్కర లేదు, లోపలి నుంచీ వస్తుంది. డౌన్ కోటు వేసుకుని ఎత్తు ఎక్కితే చెమట పట్టి, ఆగగానే చలి పట్టుకుంటుంది. నడిచేటప్పుడు కోటు విప్పి, ఆగినప్పుడు తొడుక్కోవాలి. లోపల నూలు బనియను, జీన్సు వద్దు. పత్తి పండే జిల్లా నుంచి వచ్చి మేము ఈ మాట అనడం బాగుండదు గాని, నూలుబట్ట చెమటను పట్టుకుని వదలదు. ఉన్ని గాని పాలియెస్టర్ గాని మేలు.

ఇక మా సలహా. పిల్లలకు సింథటిక్. మంచులో దొర్లుతారు, తడుపుకుంటారు, ఏడాది తిరగకుండా పొట్టి అయిపోతుంది. మెషీనులో వేసి ఉతకవచ్చు. వానలో, తడి మంచులో నడిచే పెద్దలకూ అదే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు తేలికైన డౌన్ కోటు బాగుంటుంది. వారు సాయంత్రం పొడిగా ఉన్నప్పుడు పార్కు చుట్టూ తిరుగుతారు, బరువు మోయలేరు. వయసు మళ్ళినవారికి చలి తెలియడమూ తక్కువే, వణుకూ తక్కువే. "నాకేం చలి లేదురా" అన్నారని వదిలేయకండి. చీర మీద కోటు వేసినా కాళ్ళకు మేజోళ్ళు, తలకు టోపీ లేకపోతే ఫలితం సగమే. ఏ కోటైనా సరే, పైన వాన ఆగే పలచని తొడుగు ఒకటి ఉండాలి.

మాంసం ముట్టని ఇళ్ళవారు కొందరు బాతునూగు వేసుకోవడానికి సంకోచిస్తారు. వారికి సింథటిక్ ఉండనే ఉంది. బతికున్న పక్షి నుంచి పీకని డౌన్ కావాలంటే, 2014లో మొదలైన రెస్పాన్సిబుల్ డౌన్ స్టాండర్డ్ గుర్తు చూసి కొనండి. డౌన్‌ను దాని సబ్బుతోనే ఉతికి, తక్కువ వేడి డ్రైయర్‌లో రెండు టెన్నిస్ బంతులు వేసి పూర్తిగా ఆరబెట్టండి. ఆ బంతులే మన దూదేకేవాడు అనుకోండి. ఏ కోటునూ ఏడాదంతా సంచిలో కుక్కి ఉంచకండి.

చివరగా, అసలు గుర్తుంచుకోవలసినది. కోటు ఉన్నా సరే, మీతో వచ్చినవారు వణుకుతూ, మాట తడబడుతూ, జిప్పు లాగలేక, అడుగు తూలుతూ ఉంటే అది అలసట అనుకోవద్దు. తడిబట్టలు విప్పి, పొడివి తొడిగి, తలతో సహా కప్పి, గాలి తగలని చోట కూర్చోబెట్టండి. స్పృహ బాగా ఉండి మింగగలిగితే వేడి వేడి తియ్యని టీ ఇవ్వండి. బ్రాందీ వద్దు, అది చర్మంలోని రక్తనాళాలను విప్పి ఉన్న వేడినీ పోగొడుతుంది. కాళ్ళూ చేతులూ రుద్దవద్దు. వణుకు ఆగిపోయి మగతగా ఉన్నా, ఇంత చలిలో ఉక్కపోస్తోందని బట్టలు విప్పుతున్నా పరిస్థితి విషమించిందన్నమాట. వెంటనే 911కు ఫోను చేయాలి.

వచ్చే నెల కొండలు ఎక్కినప్పుడు వచ్చే తలనొప్పి గురించి ముచ్చటించుకుందాం. అంతవరకు సెలవు.