గిఫర్డ్ వీలునామా, విశ్వవిద్యాలయ వేదిక

స్కాట్లండ్ న్యాయమూర్తి ఆడమ్ గిఫర్డ్ 1885లో రాసిన వీలునామా, విశ్వవిద్యాలయంలో బహిరంగ ఉపన్యాసం ఎలా ఉండాలన్న ప్రశ్నకు నేటికీ దీటైన జవాబుగా నిలిచి ఉంది. 1887లో ఆయన మరణించాక అమలులోకి వచ్చిన ఆ పత్రం ఎడింబరో, గ్లాస్గో, అబర్దీన్, సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయాలకు మొత్తం 80,000 పౌండ్లు కేటాయించి, ఆ నిధి ఆదాయంతో సహజ ఈశ్వరవిచారం మీద, అంటే ఏ మతగ్రంథాన్నీ దైవవాక్కుగా ప్రమాణం చేసుకోకుండా కేవలం మానవబుద్ధితో పరమసత్యాన్ని గురించి సాగించే విచారణ మీద, ఉపన్యాసాలు ఇప్పించాలని నిర్దేశించింది.

ఆ వీలునామా గొప్పతనం దాని షరతుల్లో ఉంది. క్రైస్తవ మతశాస్త్ర ఆచార్యులు చర్చికి విధేయత ప్రకటించి తీరవలసిన ఆ రోజుల్లో, వక్త ఏ మతంవాడైనా, ఏ మతమూ లేనివాడైనా, సంశయవాది అయినా సరే, నిజాయితీగల సత్యాన్వేషి అయితే చాలునని, అతనిచేత ఎలాంటి ప్రమాణమూ చేయించరాదని గిఫర్డ్ శాసించాడు. వినడానికి విద్యార్థి కానక్కరలేదని, ఊరి ప్రజలందరికీ ప్రవేశం ఉండాలని కూడా కోరాడు. తన సొమ్ముతో తన విశ్వాసాన్ని ప్రచారం చేయించుకోగల అవకాశం ఉండి కూడా దాత దాన్ని వదులుకోవడం సామాన్యమైన సంగతి కాదు.

1888లో మొదలైన ఈ ఉపన్యాసాలు తరం మారినప్పుడల్లా కొత్త ప్రశ్నలను ఆహ్వానించగలగడానికి ఆ స్వేచ్ఛే కారణం. 1901–02లో ఎడింబరోలో మాట్లాడిన అమెరికన్ తత్త్వవేత్త విలియం జేమ్స్ మతసంస్థలను పక్కన పెట్టి, వ్యక్తులు ఏకాంతంలో పొందే ఆధ్యాత్మికానుభవాన్ని మనస్తత్వశాస్త్ర దృష్టితో పరిశీలించాడు. 1986లో ఫ్రెంచి తత్త్వవేత్త పాల్ రికర్ అదే నగరంలో అస్తిత్వాన్ని గురించి మాట్లాడుతూ, కాలం గడిచినా మారకుండా ఉండే లక్షణాల వల్ల మనిషి ‘అదే మనిషి’ అనిపించుకోవడం ఒకటని, తాను ఎంత మారినా ఇచ్చిన మాటకు నిలబడడం వల్ల ‘తాను’గా నిలవడం మరొకటని వివేచించాడు. కులం, ప్రాంతం, భాష పేరుతో అస్తిత్వ చర్చ సాగుతున్న తెలుగు సమాజానికి ఈ విభజన ఎంతగానో పనికివస్తుంది. ఆ తర్వాత అబర్దీన్‌లో భౌతికశాస్త్రవేత్త ఇయాన్ బార్బర్ విజ్ఞానానికీ మతానికీ ఉన్న సంబంధాన్ని, సాంకేతికత తెచ్చిపెట్టే నైతిక సమస్యలను వరసగా చర్చించాడు.

అయితే ఎనభై ఏళ్లు దాటేదాకా ఈ వేదిక మీదికి ఒక్క మహిళనూ పిలవలేదు. 1973లో రాజకీయ తత్త్వవేత్త హన్నా ఆరెంట్ అబర్దీన్‌లో ఆలోచన అనే మానసిక క్రియను గురించి ప్రసంగించేవరకు ఆ అన్యాయం కొనసాగింది. వీలునామాలోని ఔదార్యాన్ని విశ్వవిద్యాలయాలు పూర్తిగా ఆచరించలేదనే చెప్పాలి.

ఈ తరహా ఉపన్యాసాలతో తెలుగు విద్యారంగానికి సన్నిహిత సంబంధమే ఉంది. 1926లో ఆక్స్‌ఫర్డ్‌లోని మాంచెస్టర్ కళాశాలలో అప్టన్ ఉపన్యాసాలు, 1929లో హిబర్ట్ ఉపన్యాసాలు ఇచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి అయ్యారు. హిందూ జీవనదృష్టిని గురించిన ఆయన ప్రసిద్ధ గ్రంథం అప్టన్ ఉపన్యాసాల నుంచే పుట్టింది. వేదిక మీది మాట పుస్తకమైనందువల్లనే హాలులో లేనివారికీ, తర్వాతి తరాలకూ చేరింది.

తెలుగు విశ్వవిద్యాలయాల్లో స్మారకోపన్యాసాలకు, ధర్మనిధి ఉపన్యాసాలకు కొదవ లేదు. కాని ఒక పూట సభ, శాలువా, జ్ఞాపికలతో ముగిసిపోయే ప్రసంగం ఆలోచనను ముందుకు నడపలేదు. కృత్రిమ మేధ మనిషి పనినీ గుర్తింపునూ తిరగరాస్తున్న ఈ కాలంలో, ఆ మార్పు లేవనెత్తే ప్రశ్నలు ఆచార్యులవి మాత్రమే కావు, చేనేత కార్మికుడివీ, ఉద్యోగం వెతుక్కుంటున్న యువతివీ కూడా. అందువల్ల ధర్మనిధులు నెలకొల్పే దాతలు తమ ఒప్పంద పత్రాల్లో మూడు షరతులు రాయించాలి: ఉపన్యాసం తెలుగులో జరగాలి, సభకు ఊరివారందరినీ రానివ్వాలి, ఏడాది తిరిగేలోగా ప్రసంగపాఠం అచ్చు కావాలి.