కౌమారంలో 'హఠాత్తు' నేరం: వ్యాధి ఎంత, స్వభావం ఎంత?

కోల్‌కతా: అంతవరకు బుద్ధిగా చదువుకుంటున్న కుర్రవాడు ఒకనాడు ఘోర నేరానికి పాల్పడితే, మతి చలించి ఉంటుందని ఇరుగుపొరుగు తేల్చివేయడం పరిపాటి. మనోరోగ చికిత్సతో భవానీపూర్ పరిచయం చాలా పాతది. యూరోపియన్ల కోసం బ్రిటిష్ పాలకులు నడిపిన పిచ్చాసుపత్రి ఒకప్పుడు ఇక్కడే ఉండేది. పీజీ ఆస్పత్రికి అనుబంధమైన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీ నేడు ఇక్కడి డి.ఎల్.ఖాన్ రోడ్డులో ఉన్నది.

ఈ ప్రస్తావన వస్తే నగరవాసులకు స్ఫురించేది 1993 నవంబరు నాటి దమ్‌దమ్ హత్యలు. పదహారేళ్ళ బాలుడు మిత్రుల సాయంతో తండ్రిని, సవతితల్లిని, సవతి సోదరుని హతమార్చాడు. నగరం దిగ్భ్రాంతి చెందింది గాని, అది క్షణికోద్రేకం కాదు. పథకం ప్రకారం జరిగినది.

'హఠాత్తు' అన్నది తరచు చూసేవారి మాటే. స్కిజోఫ్రెనియా సాధారణంగా కౌమారం చివర, యౌవనారంభంలో బయటపడుతుంది. అంతకు నెలల ముందే నిద్ర తగ్గడం, స్నేహితులకు దూరం కావడం, మార్కులు పడిపోవడం, అకారణ అనుమానం కనిపిస్తాయి. అన్నంలో విషం కలుపుతున్నారని నమ్మిన రోగి చేయి చేసుకుంటే దాని వెనుక ఉన్నది ద్వేషం కన్న భయమే.

కొద్ది రోజుల్లోనే మనిషి పూర్తిగా మారిపోతే మాత్రం వైద్యులు మెదడును అనుమానిస్తారు. శరీర రక్షణ వ్యవస్థే మెదడుపై దాడిచేసే ఒక రకం మెదడువాపును 2007లో గుర్తించారు. యువతులలో ఎక్కువగా కనిపించే ఈ వ్యాధి మొదట పిచ్చిగానే తోస్తుంది. సకాలంలో చికిత్స చేస్తే చాలమంది కోలుకుంటారు. రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధి, తలకు దెబ్బ, మాదకద్రవ్యాలు కూడ పరిశీలించవలసినవే. న్యాయస్థానాలలో తరచు వినిపించే మూర్ఛ వాదన అంత బలమైనది కాదు. మూర్ఛలో ఉన్న వ్యక్తి పథకం వేసి దాడిచేయడం అత్యంత అరుదు.

నిర్బంధంలోని కిశోరులపై జరిగిన అధ్యయనాలను క్రోడీకరించి 2008లో ప్రచురించిన అంతర్జాతీయ సమీక్ష ప్రకారం, బాలురలో తీవ్ర మనోవైకల్యం ఉన్నవారు 3.3 శాతం, తీవ్ర కుంగుబాటు 10.6 శాతం, 'ప్రవర్తనా రుగ్మత' 52.8 శాతం. ఈ చివరి అంకెతో జాగ్రత్త అవసరం. దౌర్జన్యం, దొంగతనం వంటి చేష్టలనుబట్టే ఆ పేరు పెడతారు. ఆ పేరునే తిరిగి నేరానికి కారణంగా చూపితే వివరణ మొదటికే వస్తుంది.

చట్టానికి ఇది పుస్తక చర్చ కాదు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం 16-18 ఏళ్ళ వారిపై కనీసం ఏడేళ్ళ శిక్షగల అభియోగం వస్తే, బోర్డు ప్రాథమిక మదింపు జరపాలి. పెద్దవారివలె విచారణకు పంపడమా, మానడమా అన్నది దానిపైనే ఆధారపడుతుంది. బోర్డులో బాల మనస్తత్వ శాస్త్రం లేదా మనోవైద్యం చదివినవారు లేనప్పుడు నిపుణుల సాయం తప్పనిసరి అని గురుగ్రామ్ పాఠశాల హత్య కేసులో 2022 జూలైలో సుప్రీంకోర్టు పేర్కొన్నది.

అయినా చిక్కు తీరదు. పర్యవసానాలు గ్రహించే శక్తి ఉన్నదా అన్నది మదింపులోని ప్రశ్న. నేర సమయంలో మతిస్థిమితం ఉన్నదా అన్నది భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ ప్రశ్న. నిపుణుడు బాలుని చూసేది వారాల తరువాత. అప్పటికి మందులతో లక్షణాలు తగ్గి ఉండవచ్చు. వ్యాధి ఆనవాళ్ళు చెప్పగలిగినవారు ఇంటివారు, బడి ఉపాధ్యాయులు. ఇంట్లో పెళ్ళి కావలసిన అక్కచెల్లెళ్ళు ఉంటే ఇంటివారు నోరు విప్పరు.