సేవ అంటే లేచి నిలబడేలా చేయడం

జబ్బుపడినవారిని పరామర్శించడంలో మన సమాజం ఎవరికీ తీసిపోదు. ఆదోనిలో గానీ, ఎమ్మిగనూరులో గానీ ఎవరైనా కర్నూలు పెద్దాసుపత్రి నుంచి ఇంటికి వచ్చారని తెలిస్తే చాలు, జుమా నమాజు కాగానే చూసిపోయేవారితో ఇల్లు నిండిపోతుంది. పండ్లు, బ్రెడ్డు తెస్తారు, దుఆ చేస్తారు, ధైర్యం చెబుతారు. ఇది అభినందించదగ్గ సంప్రదాయం. అయితే వచ్చినవారంతా వెళ్లిపోయాక, రోగి తిరిగి తన పనులు తాను చేసుకునే రోజు వరకూ ఆ ఇంట్లో అందే సేవ ఎలాంటిదో మనం ఆలోచించవలసి ఉంది.

పక్షవాతం వచ్చినవారికి, తుంటి ఎముక విరిగి ఆపరేషను అయినవారికి మొదటి కొన్ని వారాలు ఎంతో విలువైనవి. కదలకుండా పడుకున్న కొద్దీ కండ తగ్గుతుంది, కీళ్లు బిగుసుకుంటాయి, వీపున పుండ్లు పడతాయి. అన్నిటినీ మించి, 'ఇక నావల్ల కాదు' అన్న నిరాశ మనసులో నాటుకుపోతుంది. విచిత్రమేమంటే మన ప్రేమే దానికి నీళ్లు పోస్తుంది. "అబ్బా, మీరు లేవకండి, మేం లేమా!" అంటాడు కొడుకు. ఎడమ పక్క పడిపోయిన మామగారికి కుడిచేయి బాగానే ఉన్నా, కోడలే అన్నం కలిపి నోటికి అందిస్తుంది. నెల తిరిగేసరికి ఆ మంచి చేయి కూడా పని మరచిపోతుంది.

కొన్ని దేశాలు ఈ సంగతిని గుర్తించాయి. ఇంగ్లండులో 2014 నాటి సంరక్షణ చట్టం కింద, కోలుకునే వ్యక్తికి ఆరు వారాల వరకు ఇంటి వద్దే ఉచితంగా సాయం అందించే ఏర్పాటు ఉంది. వచ్చే సహాయకురాలు రోగికి స్నానం చేయించదు. సబ్బు చేతికిచ్చి, పడిపోకుండా పక్కన నిలబడుతుంది. చొక్కా తొడగదు, గుండీలు పెట్టుకునేదాకా ఓపిక పడుతుంది. ఈరోజు పది అడుగులు వేస్తే రేపు పన్నెండు వేయిస్తుంది. తన అవసరం వారం వారం తగ్గిపోవడమే ఆమె పనికి కొలత.

సేవ నాణ్యతను మనమూ ఇలాగే కొలవాలి. రోగి స్వయంగా చేయాలని కోరుకునేది ఏమిటో ముందు ఆయననే అడగాలి. ఒకరికి అది తానే వుజూ చేసుకోవడం కావచ్చు, మరొకరికి మళ్లీ మగ్గం ముందు కూర్చోవడం కావచ్చు. పడిపోయిన చేతిని పట్టి లాగి లేపితే భుజం కీలు దెబ్బతింటుందని ఇంటివారికి తెలియాలి. పిక్క వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలనీ తెలియాలి. ఇవన్నీ ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోవలసినవి. స్త్రీలకు మగవారి చేత వ్యాయామం చేయించడానికి కుటుంబాలు వెనుకాడతాయి. ఫలితంగా మంచంలోనే ఉండిపోయేది మన తల్లులే. చదువుకుంటున్న మన ఆడపిల్లలు ఈ విద్యలోకి రావాలని కోరడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

మన ప్రాంతపు ఇబ్బందులు వేరు. పత్తి ఏరడానికి, మిరప కోతకు ఏటా ఎన్నో కుటుంబాలు గుంటూరు వైపు వలసపోతాయి. ఇంట మిగిలేది ముసలివారే. ఎత్తయిన గడపలు, గొంతుకూర్చునే మరుగుదొడ్లు నడక నేర్చుకుంటున్నవారికి ప్రతిరోజూ పరీక్షే. 2019 డిసెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వం ఆరోగ్యశ్రీ కింద ఆపరేషను అయినవారికి, కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5,000 మించకుండా ఇచ్చే పథకం ప్రవేశపెట్టింది. అది కూలి పోయిన ఇంటికి ఊరటనిచ్చింది. కాని డబ్బు ఒక్కటే రోగిని నడిపించలేదు. మంచం పట్టిన వృద్ధుల ఇళ్లకు ఆరోగ్య సిబ్బంది వెళ్లాలని 2010లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం చెబుతోంది. ఆ సేవ మన వీధికి వస్తున్నదా అని అడగడం మన హక్కు.

ప్రభుత్వాన్ని అడుగుతూనే మనం చేయగలిగిందీ ఉంది. మన మస్జిదులలో జనాజా డోలా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పోయినవారి పట్ల అంత బాధ్యత చూపే కమిటీలు, లేవగలిగినవారి కోసం దాని పక్కనే రెండు వాకర్లు, ఒక కమోడు కుర్చీ ఉంచలేవా? అవసరం ఉన్న ఇల్లు కొన్ని వారాలు వాడుకుని తిరిగి అప్పగిస్తుంది. ఒంటరిగా మిగిలిన వృద్ధుల ఇంటికి ఇద్దరు యువకులు వంతులవారీగా వెళ్లి, డాక్టరు చెప్పినంత మేరకు నడిపించలేరా?

నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని నమాజు చేయవచ్చునని మన ధర్మం సౌలభ్యం ఇచ్చింది. గమనిస్తే, అది రోగి బదులు మరొకరిని నిలబడమనలేదు. ఎంత శక్తి ఉంటే అంతవరకు ఆయననే చేయమంది. ఇంటి సేవకూ ఇదే నియమం వర్తిస్తుంది. వచ్చే శుక్రవారం ఏ ఇంటికైనా పరామర్శకు వెళితే పండ్లు తీసుకెళ్లండి. ఆపైన, డాక్టరు అనుమతి ఉంటే, ఆయన చేయి అందుకుని వాకిలిదాకా నాలుగడుగులు వేయించి రండి.