గీత తప్పితే నీరు తప్పుతుంది

ఊళ్లో తూము కట్టినా, కల్వర్టు వేసినా అందరి కళ్లూ సిమెంటు మీద, ఇసుక మీదే ఉంటాయి. కాంట్రాక్టరు ఎంత కలిపాడు, ఎంత మింగాడు అని రచ్చబండ దగ్గర లెక్కలు తీస్తారు. అంతకుముందే పట్నంలోని ఆఫీసులో ఒక బల్ల మీద ఆ పని మంచీ చెడ్డా సగం తేలిపోయిందన్న సంగతి ఎవరికీ పట్టదు. ఆ బల్ల డ్రాఫ్ట్స్‌మన్‌ది.

సర్వే సిబ్బంది పొలాల్లో తీసిన లెవెళ్లను పుస్తకంలో రాసి ఇస్తారు. ఇంజనీరు లెక్క కడతాడు. దాన్ని ప్లానుగా, సెక్షనుగా గీసేది డ్రాఫ్ట్స్‌మన్. మేస్త్రీ చేతికి అందేది ఆ గీతే. 1:100 స్కేలులో కాగితం మీది 1 మిల్లీమీటరు నేల మీద 10 సెంటీమీటర్లవుతుంది. కిలోమీటరుకు 20 సెంటీమీటర్ల వాలున్న కాలువలో ఆ 10 సెంటీమీటర్లు అర కిలోమీటరు వాలుతో సమానం. తూము అడుగు ఆ మేరకు ఎత్తులో పడిందా, కాలువ నిండుగా పారని రోజుల్లో ఎండేది దాని కింది మడులే.

1982లో ఆటోక్యాడ్ వచ్చింది. క్రమంగా ట్రేసింగు కాగితం, టీ స్క్వేరు మూలపడ్డాయి. కంప్యూటరు గీత వంకర పోదు. అయితే తప్పు అంకె ఇస్తే తప్పునే చక్కగా గీసి పెడుతుంది. దాన్ని పట్టుకోవలసింది నేల ఎరిగిన మనిషే. తాను గీసే చోటును ఒక్కసారైనా చూడనివాడికి ఆ అంకె మీద అనుమానం ఎలా వస్తుంది?

డ్రాయింగు చూసి పల్లెటూరివాళ్లకు ఏం తెలుస్తుందని అధికారులు అనవచ్చు. నీరు ఎటు పారుతుందో రైతుకు తెలియదా? కాలువ అడుగు లెవెలు ఎగువన పెద్ద అంకె, దిగువన చిన్న అంకె ఉండాలి. బాణం గుర్తు నీరు పారే వైపు ఉండాలి. ఈ రెండూ చూడడానికి ఇంజనీరింగు చదవనక్కర్లేదు.

ప్రభుత్వ పనుల రికార్డులు చూసే హక్కును, నకలు తీసుకునే హక్కును 2005 నాటి సమాచార హక్కు చట్టం పౌరులకు ఇచ్చింది. కాని పని పూర్తయ్యాక అడిగితే వచ్చేది కాగితమే, నీరు కాదు. అందుచేత పునాది తవ్వకముందే డ్రాయింగు నకలును పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. డ్రాఫ్ట్స్‌మన్‌ను ఒక్క పూట ఊరికి పంపాలి. కట్టిన తూమును పగలగొట్టి మళ్లీ కట్టే ఖర్చు ముందు ఆ జీపు ఖర్చు ఏపాటిది?

అధికారులు ఆలోచించాలి. గ్రామస్థులు కూడా సిమెంటు బస్తాలు లెక్కపెట్టే ముందు ఆ కాగితం చూపమని అడగాలి.